సలుపు వేరు, మంట వేరు

(కావలిలో రైతులు, మత్స్యకారులు, మహిళా సంఘాల సభ్యులు హాజరైన ఆరోగ్య సభలో ఒక మత్తు వైద్యురాలు చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, పని మానుకుని వచ్చిన అన్నదమ్ములకు నమస్కారం.

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మనిషికి నొప్పి తెలియకుండా చూడటం నా వృత్తి. పన్నెండేళ్ళుగా వారానికి మూడు రోజులు నొప్పులతో వచ్చేవాళ్ళను కూడా చూస్తున్నాను. ఆపరేషన్ గదిలో మాట్లాడే మనిషి ఉండడు. నొప్పుల గదిలో మాటే ఆధారం. అందుకే ఈ రోజు మందుల కంటే మాటల గురించి ఎక్కువ చెబుతాను.

కిందటి చలికాలం ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దావిడను కొడుకు తీసుకొచ్చాడు. "కాళ్ళు పెయిన్ మేడమ్, రెండేళ్ళుగా మోకాళ్ళ బిళ్ళలు వాడుతున్నాం" అన్నాడు. నేను ఆవిడ వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా, ఎలా ఉంటుంది?" అని అడిగాను. ఆవిడ కొడుకు ముఖం చూసి, తరవాత నా ముఖం చూసి చెప్పింది: "పగలు పీకుతాయమ్మా. రాత్రయితే అరికాళ్ళు మంటలు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. మొన్న చేలోంచి వస్తుంటే ఎడమకాలి చెప్పు ఎక్కడో జారిపోయింది, ఇంటి గడప ఎక్కేదాకా నాకు తెలియదు."

ఆ నాలుగు మాటల్లో రోగ నిర్ణయం అంతా ఉంది. పగటి పీకుడు మోకాళ్ళ అరుగుదలది. రాత్రి మంట నరాలది. దుప్పటి తగిలితే బాధ కలగడం, చెప్పు జారినా తెలియకపోవడం ఒకే నరం చేసే రెండు పనులు. అప్పటికప్పుడు వేలు గుచ్చి చూస్తే చక్కెర నాలుగు వందలకు పైన ఉంది. ఆవిడకు మధుమేహం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండేళ్ళపాటు ఆవిడ చెప్పిన 'మంట'ను కొడుకు 'పెయిన్' అని చెప్పాడు, పెయిన్‌కు మందుల షాపులో బిళ్ళ ఇచ్చారు. కొడుకు మంచివాడే, తల్లిని మోసుకొచ్చినంత పని చేశాడు. పోయినదల్లా ఆ ఒక్క మాట.

మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి తలుచుకోండి. పన్ను పోటు పెడుతుంది. గోరుచుట్టు సలుపుతుంది. కాళ్ళు తీపులు తీస్తాయి, పీకుతాయి, లాగుతాయి. నడుం కలుక్కుమంటుంది, పట్టేస్తుంది. పిక్క కొంకర్లు పోతుంది. చల్లటి నీళ్ళు తగిలితే పన్ను జివ్వుమంటుంది. కడుపు మెలిపెడుతుంది. పుండు మండుతుంది. అరికాలు తిమ్మిరెక్కుతుంది. 'నొప్పి' అనే మాటకే బహువచనం చేర్చి "నొప్పులు వస్తున్నాయి" అంటే చాలు, అది కాన్పు అని ఇంట్లో చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. ఇవి అలంకారానికి పుట్టిన మాటలు కావు. ఒక్కో మాట వెనక శరీరంలో ఒక్కో సంగతి జరుగుతోంది. కెనడాలో రోనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త రోగులు నొప్పిని వర్ణించే మాటలను ఏళ్ళ తరబడి సేకరించి, 1975లో 78 మాటలతో ఒక ప్రశ్నావళి తయారు చేశారు. ప్రపంచమంతటా దాన్ని వాడుతున్నారు. అంత పెద్ద పట్టిక మన అవ్వల నోట్లో ఎప్పటినుంచో ఉంది. మనం దాన్ని మూట కట్టి పక్కన పెట్టి 'పెయిన్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. నా బాధంతా ఇదే.

నొప్పి ఎలా ప్రయాణిస్తుందో ముందు చెబుతాను, తరవాతి సంగతులు తేలికవుతాయి. చీకట్లో నడుస్తూ చిటికెన వేలు గడపకు కొట్టుకున్నారనుకోండి. ముందు చురుక్కున ఒక దెబ్బ తెలుస్తుంది. ఆ వెంటనే ఒక చిన్న ఖాళీ, "అబ్బా, ఇప్పుడు వస్తుంది" అని మనకే తెలిసే ఖాళీ. తరవాత అసలు బాధ లోపలినుంచి పొంగుకొస్తుంది. ఈ రెంటినీ మోసేవి రెండు రకాల నరాల పోగులు. మొదటి దాన్ని ఎ-డెల్టా పోగులు మోస్తాయి, వాటి వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. రెండోదాన్ని సి పోగులు మోస్తాయి, వాటి వేగం సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. కాలివేలి నుంచి తల దాకా మీటరున్నర దూరం ఉంది కాబట్టి రెండో కబురు ఆలస్యంగా అందుతుంది. మొదటిది కాలు వెనక్కి తీసుకోమని చెప్పే కబురు. రెండోది ఆ కాలిని నాలుగు రోజులు కాపాడుకోమని చెప్పే కబురు.

బిడ్డ పడిపోతే తల్లి ఏం చేస్తుంది? దెబ్బ తగిలిన చోట అరచేత్తో రుద్ది, ఊదుతుంది. అదీ వైద్యమే. స్పర్శను మోసే లావుపాటి నరాలు వెన్నుపాములో నొప్పి కబురు లోపలికి పోయే తలుపును కొంత మూసేస్తాయని మెల్జాక్, పాట్రిక్ వాల్ కలిసి 1965లో ప్రతిపాదించారు.

ఇప్పుడు సలుపు దగ్గరికి వద్దాం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం కదా, ఆ సామెత నాకు ఎంతో ఇష్టం. ఎందుకంటే అందులో శాస్త్రం ఉంది. రోకలి మామూలు వేలిమీద పడ్డా నొప్పే. గోరుచుట్టు ఉన్న వేలిమీద పడితే ప్రాణం పోయినంత పని ఎందుకవుతుంది? చీము పట్టినచోట, వాచినచోట దెబ్బతిన్న కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారు చేస్తాయి. అవి అక్కడి నరాల కొసలకు సాన పెడతాయి. మామూలుగా లెక్కచేయని తాకిడిని కూడా ఆ కొసలు నొప్పిగా పంపుతాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఆ వాచిన వేలిలోకి తోసుకొస్తుంది. ఆ తోపుడుకు తగ్గట్టు వేలు లయగా కొట్టుకుంటుంది. సలుపు అంటే అదే. మీకు సలుపు అనే మాట నోటికి వచ్చిందంటే అక్కడ వాపు గానీ చీము గానీ ఉందని అనుమానించాలి.

మనం మింగే నొప్పి బిళ్ళల్లో చాలావరకు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్ 1897 నుంచి ఉన్నా, అది ఇలా పనిచేస్తుందని జాన్ వేన్ 1971లో కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు. ఆ పనికి ఆయనకు 1982లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కాబట్టి సలుపుకు, వాపుకు, బెణుకుకు, పంటిపోటుకు, నెల నొప్పికి ఆ బిళ్ళ పనిచేస్తుంది. నరం దెబ్బతిని పుట్టే మంటకు దాదాపు పనిచేయదు. బిళ్ళ మూయాల్సిన ఆ ప్రోస్టాగ్లాండిన్ల కొళాయి అక్కడ లేదు.

మంట గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇక్కడ మిరప కోతలకు, కల్లాలకు వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు. తాలు కాయలు ఏరి ఇంటికి వచ్చాక చేతులు నిప్పుల్లో పెట్టినట్టు ఉంటాయి కదా. చూస్తే చర్మం కాలి ఉండదు, బొబ్బ ఉండదు. మరి 'మంట' అని ఎందుకన్నారు? అన్నది నిజమే కాబట్టి. డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం 1997లో నరాల కొసల మీద ఒక చిన్న ద్వారాన్ని కనిపెట్టింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. మిరపలోని కాప్సైసిన్ తగిలినా అదే ద్వారం తెరుచుకుంటుంది. మెదడుకు అందేది ఒకటే కబురు, కాలుతోంది అని. 2021లో ఆయనకు, స్పర్శను గురించి పరిశోధించిన ఆర్డెమ్ పటాపౌటియన్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. మిరపకాయకూ నిప్పుకూ ఒకే మాట వాడిన మనవాళ్ళ నాలుక ఎంత నిజం పలికిందో చూడండి. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కల్లం నుంచి వచ్చాక ఉత్త నీళ్ళతో ఎంత కడిగినా మంట తగ్గదు. ముందు నూనె రాసి తుడిచి, తరవాత సబ్బుతో కడగండి. పిల్లల్ని ఆ తరవాతే ఎత్తుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం రాస్తే చల్లగా అనిపించేది కూడా ఇలాంటి కారణంతోనే. పుదీనా జాతి మెంథాల్ చలిని పసిగట్టే ద్వారాన్ని తెరుస్తుంది, అంతే. చర్మం నిజంగా చల్లబడదు.

ఇక దెబ్బతిన్న నరం పెట్టే మంట. సర్పి మీ అందరికీ తెలుసు. నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీలా పొక్కులు లేస్తాయి. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ క్రిమి నరాల మూలాల్లో దాగి ఉండి, వయసు మీద పడ్డాకో ఒంట్లో శక్తి తగ్గినప్పుడో మళ్ళీ లేస్తే వచ్చేది సర్పి. మన ఊళ్ళలో దాని చుట్టూ కావి రాయించుకుని ఊరుకుంటారు. పొక్కులు రెండు మూడు వారాల్లో మాడిపోతాయి, కావి పనిచేసిందనుకుంటారు. కొందరికి, ముఖ్యంగా 60 దాటినవాళ్ళకు, పొక్కులు మాడినా నరం మానదు. ఒక పెద్దాయన నా దగ్గరికి ఉత్త ఒంటితో, భుజం మీద తడిగుడ్డ వేసుకుని వచ్చాడు. ఏడు నెలలుగా చొక్కా తొడగలేదట. మనవరాలి పెళ్ళికి కూడా తొడగలేకపోయాడట. "గుడ్డ రాసుకుంటే గాజు పెంకులతో గీసినట్టు ఉంటుందమ్మా" అన్నాడు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు క్రిమిని అణచే మందు మొదలుపెడితే ఆ జబ్బు తీవ్రత తగ్గుతుంది. కావి రాయించుకోవాలనుకుంటే రాయించుకోండి, మందు మాత్రం ఆలస్యం చేయకండి.

మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు జివ్వున లాగడం, వీటిలో ఏది చెప్పినా మేము నరం వైపు చూస్తాం. నడుం నుంచి పిర్ర మీదుగా పిక్క దాకా తీగలా లాగే సయాటికా ఈ జాతిదే. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ళలాగా గంటల తరబడి మణికట్టుతో పనిచేసేవాళ్ళకు రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో చూడాలి. ఈ రకం నొప్పికి మేమిచ్చే మందులు వేరు. వాటిలో కొన్ని మూర్ఛకు, కొన్ని దిగులుకు కూడా వాడతారు. షాపులో ఎవరో "ఇవి పిచ్చి మందులు కదా" అన్నారని ఆపేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆపకండి. ఎందుకిచ్చారని మమ్మల్నే అడగండి.

లోపలి అవయవాల నొప్పి ఇంకో తీరు. చర్మం మీద చీమ కుడితే వేలు పెట్టి చూపిస్తాం. పేగులో, గుండెలో బాధ పుడితే అరచేతితో ఇంత వెడల్పున చూపిస్తాం, ఎందుకంటే లోపలి అవయవాలకు నరాలు తక్కువ, వాటి దారులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. మీరంతా ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అంటారే, ఆ అపెండిసైటిస్‌ను చూడండి. మొదట బొడ్డు చుట్టూ తెలిసీ తెలియని నొప్పి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. కొన్ని గంటల తరవాత నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగి ఒకచోట నిలుస్తుంది. తుమ్మినా, బండి గతుకులో పడినా అక్కడ పొడుస్తుంది. వాపు పేగును దాటి కడుపు లోపలి పొరకు తగిలిందని, ఆ పొరకు మంచి నరాలు ఉన్నాయని దాని అర్థం. ఆ దశలో కడుపు శుభ్రమవుతుందని ఆముదం పట్టించిన ఇళ్ళున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. నొప్పి జరిగి ఒకచోట నిలిచింది అంటే ఆపరేషన్ ఉన్న ఆసుపత్రికి బయలుదేరాలి. కిడ్నీలో రాయి ఇందుకు విరుద్ధం. నడుం పక్క నుంచి గజ్జల్లోకి మెలిపెడుతూ వస్తుంది, మనిషి ఒక్కచోట పడుకోలేడు, పొర్లుతాడు. అపెండిక్స్ మనిషి కదలడు, రాయి మనిషి ఆగడు. గది గుమ్మంలోంచి చూసి కూడా మేము సగం చెప్పగలం.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యమైనది, కొంచెం శ్రద్ధగా వినండి. తెలుగు మాటలను ఇంత మెచ్చుకున్నాను కదా, ఒక్క మాట మాత్రం మన ప్రాణాలు తీస్తోంది. అది గుండెపోటు.

పోటు అంటే పొడవడం. కత్తిపోటు, పంటిపోటు, చెవిపోటు. అందుకని గుండెపోటు అంటే గుండెలో కత్తి దిగినట్టు ఉంటుందని, మనిషి సినిమాలో లాగా ఛాతీ పట్టుకుని కూలిపోతాడని మనం ఎదురుచూస్తాం. ముప్ఫై ఏళ్ళలో గుండె రక్తనాళం మూసుకుపోయిన ఎంతోమందిని చూశాను. వాళ్ళలో "పొడిచింది" అన్నవాళ్ళు బాగా తక్కువ. మిగతావాళ్ళు ఏమన్నారో చెబుతాను. "రొమ్ము పట్టేసింది." "గుండెల మీద రుబ్బురోలు పెట్టినట్టుంది." "ఎవరో తాడు వేసి బిగిస్తున్నారు." "గ్యాస్ పట్టింది, త్రేన్పు వస్తే పోతుంది." బరువు, నొక్కుడు, బిగింపు. గుండె చెప్పే భాష అది. వేలుపెట్టి చూపరు, పిడికిలి బిగించి రొమ్ము నడుమ పెట్టి చూపిస్తారు. ఎడమ చెయ్యి లాగుతుంది, దవడ లాగుతుంది, ఒక్కోసారి రెండు భుజాలూ బరువెక్కుతాయి. గుండె నుంచి వచ్చే నరాలూ చేతి నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో దగ్గర దగ్గర మెట్ల మీదే చేరతాయి. మెదడుకు గుండె నుంచి ఉత్తరాలు అలవాటు లేదు, చెయ్యి నుంచి రోజూ వస్తాయి. అందుకని ఇది చేతి నుంచి వచ్చిందే అనుకుంటుంది.

ఒక రొయ్యల చెరువుల రైతు, 48 ఏళ్ళు. తెల్లవారుజామున నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చూడటానికి గట్టు మీదికి వెళ్ళాడు. రొమ్ము బరువెక్కింది, ఒళ్ళంతా చల్లటి చెమట. ఇంటికొచ్చి భార్యతో "గ్యాస్" అన్నాడు. ఆవిడ సోడా తెప్పించింది. ఆరు గంటల తరవాత మా దగ్గరికి వచ్చాడు. బతికాడు, కానీ గుండె కండరంలో పెద్ద భాగం చచ్చిపోయింది. ఇప్పుడు గట్టు చివరిదాకా నడిస్తే ఆయాసం. నేనడిగాను, ఎందుకు వెంటనే రాలేదని. ఆయన సమాధానం ఇది: "పోటు రాలేదమ్మా. వస్తే వచ్చేవాణ్ణి."

మీ ఇళ్ళలో ఈ ఒక్క సంగతి చెప్పండి. రొమ్ములో బరువు గానీ బిగింపు గానీ పది పదిహేను నిమిషాలకు తగ్గకుండా, చెమటతోనో ఆయాసంతోనో వాంతితోనో ఉంటే పోటు కోసం కాచుకోకండి. 108కి ఫోన్ చేసి ఇసిజి తీసే చోటికి చేరండి. ఆడవాళ్ళకు, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఆ బరువు కూడా లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, దవడ లాగడం మాత్రమే ఉండవచ్చు. చక్కెర జబ్బు పాదాల నరాలను మొద్దుబార్చినట్టే గుండె నరాలనూ మొద్దుబారుస్తుంది.

నొప్పి లేకపోవడం ఎంత ప్రమాదమో మనకు దగ్గర్లో ఉన్న వెల్లూరులోనే తెలిసింది. 1946లో అక్కడికి వచ్చిన పాల్ బ్రాండ్ అనే ఎముకల వైద్యుడు కుష్ఠు రోగుల వేళ్ళు ఎందుకు పోతున్నాయో వెతికారు. జబ్బు వేళ్ళను తినేస్తుందని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. జబ్బు చంపేది నొప్పి తెలిసే శక్తిని, వేళ్ళు పోయేది ఆ తరవాత తెలియకుండా తగిలే దెబ్బలకు, కాలిన గాయాలకు అని ఆయన చూపించారు. ఇందాక చెప్పిన పెద్దావిడ జారిన చెప్పు అదే కథ. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. మీకు కనిపించకపోతే మనవడిని చూడమనండి.

ఇప్పుడు మెట్ట ప్రాంతం సంగతి. ఇక్కడ కొండాపురం, వరికుంటపాడు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, కనిగిరి వైపు బంధువులున్నవాళ్ళూ ఉన్నారు. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది మన నేలమీదే. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కొన్ని తాలూకాల్లో దాన్ని చూసి వర్ణించారు. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో ఉండి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరిన మెట్ట తాలూకాలు అవి. ఆ నొప్పి ఎలా ఉంటుందో అక్కడి పెద్దలు నాకంటే బాగా చెబుతారు. "ఒళ్ళు కట్టె అయిపోయింది" అంటారు. భూగర్భజలంలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకలో చేరుతుంది. కీళ్ళను కట్టి ఉంచే నారలు సున్నంలా గట్టిపడతాయి. మెడ తిరగదు, పక్కకు చూడాలంటే మొండెం మొత్తం తిప్పాలి. కింద పడిన రూపాయి బిళ్ళను మోకాళ్ళు వంచకుండా తీయలేరు. గట్టిపడిన వెన్ను నరాలను నొక్కితే తిమ్మిర్లు, తరవాత కాళ్ళు పట్టు తప్పడం. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఈ నొప్పికి మూలం బావిలోనో బోరులోనో ఉంది. దాన్ని మార్చకుండా బిళ్ళలు మింగితే ఏళ్ళు గడుస్తాయి, అంతే.

ఆ బిళ్ళల దగ్గరే నాకు భయం. ప్రోస్టాగ్లాండిన్లు నరాలకు సాన పెడతాయని చెప్పాను. అవే కడుపు లోపలి పొరను కాపాడతాయి, కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాలను తెరిచి ఉంచుతాయి. బిళ్ళ వాటన్నిటినీ ఒకేసారి ఆపుతుంది. ఎండలో నాట్లు వేసి, చెమట కారి, చాలినన్ని నీళ్ళు తాగని మనిషి సాయంత్రం రెండు బిళ్ళలు మింగితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. ఒక రోజుకు ఏమీ కాదు. రోజూ, ఏళ్ళ తరబడి అయితే అవుతుంది. కనిగిరి, పామూరు వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మీకు తెలుసు. మూలం ఏదైనా సరే, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఈ బిళ్ళలు విషంతో సమానం. పైగా కిడ్నీ పాడవుతున్నప్పుడు నొప్పి పుట్టదు. నడుంనొప్పికి మందు మింగుతూ, నొప్పి చెప్పలేని అవయవాన్ని పోగొట్టుకుంటాం. రంగు రంగుల బిళ్ళలు కలిపి కాగితంలో పొట్లం కట్టి ఇస్తే ఏమేమి ఉన్నాయో అడగండి. పేరు రాసివ్వనివారి దగ్గర కొనకండి.

చివరగా ఒక రకం మిగిలింది, దాన్ని ఎవరూ నమ్మరు. గాయం మానింది, స్కాన్ మామూలుగా ఉంది, నొప్పి మాత్రం పోదు. మూడు నెలలు దాటి ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. కొన్నిసార్లు అది ఇంకేదో జబ్బుకు గుర్తుగా కాక, తానే జబ్బుగా మారుతుంది. దెబ్బ మానిన తరవాత కూడా వెన్నుపాము, మెదడు అప్రమత్తంగానే ఉండిపోతాయి, చిన్న కబురును పెద్దది చేసి వినిపిస్తాయి. హైవే మీద ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయిన ఒక లారీ క్లీనర్ కుర్రవాడు, లేని బొటనవేలు మెలితిప్పుతున్నట్టుందని రాత్రంతా ఏడ్చేవాడు. కొడుక్కి దెయ్యం పట్టిందని వాళ్ళ నాన్న భయం. అది మెదడులో మిగిలిపోయిన కాలి పటం. తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో ఒక అద్దం ఉపాయం చెప్పారు. ఉన్న కాలిని అద్దంలో చూస్తూ కదిలిస్తే లేని కాలు కదిలినట్టు మెదడుకు అనిపించి కొందరికి ఉపశమనం కలుగుతుంది. ఆ కుర్రవాడికి కలిగింది, పూర్తిగా కాదు, నిద్ర పట్టేటంత.

స్కాన్ విషయంలో రెండు వైపులా మోసపోతాం. నడుంనొప్పి ఎరగని 3,110 మంది స్కాన్‌లు ఉన్న పరిశోధనలను కలిపి 2015లో ఒక విశ్లేషణ చేశారు. 20 ఏళ్ళవారిలోనే నూటికి 37 మందికి, 80 ఏళ్ళవారిలో 96 మందికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల్లో అరుగుదల ఉంది. వాళ్ళకు నొప్పి లేదు. కాబట్టి స్కాన్ కాగితం మీద 'అరుగుదల' అన్న మాట చూసి మంచం ఎక్కకండి. చాలావరకు నడుంనొప్పికి మెల్లగా నడవడమే మందు. కాలు చచ్చుబడినా, మూత్రం తెలియకుండా పోతున్నా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా అది వేరు, వెంటనే రావాలి. అలాగే స్కాన్‌లో ఏమీ లేదని కోడలి నొప్పిని నటన అనకండి. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించి, మనిషి నొప్పి ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని రాసింది. నేనైతే ఆ వాక్యాన్ని ప్రతి ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాయిస్తాను.

కాన్సర్ నొప్పికి ఒక్క మాట. ఆ నొప్పిని తగ్గించే మార్ఫిన్ అంటే మత్తుమందు అని భయపడి నోటి బిళ్ళ కూడా వద్దనే కుటుంబాలను చూశాను. మత్తుమందుల మీద 1985లో చేసిన చట్టం కఠినంగా ఉండటంతో అది దొరకడం కష్టమయ్యేది, 2014లో చట్టాన్ని సవరించి రోగుల కోసం దారి సులువు చేశారు. డాక్టరు లెక్క కట్టి ఇచ్చే మోతాదులో ఆ మనిషి కూర్చుని నాలుగు మెతుకులు తిని, మనవడితో మాట్లాడగలడు. ఆ మందు అడగడం మీ హక్కు.

ఎవరైనా అడగాలంటే అడగండి. ఆ వెనక ఉన్న అన్నా, మీరు చెయ్యి ఎత్తారు. తుమ్మలపెంట నుంచా? జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఆ ముల్లులో విషం ఉంటుంది, వేడికి అది చెడిపోతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి ముంచి ఉంచండి. వేడి సరిపోయిందో లేదో ముల్లు గుచ్చుకున్న చేత్తో చూడకండి, ఆ చేతికి నొప్పిలో వేడి తెలియదు, బొబ్బలెక్కుతుంది. రెండో చేత్తో చూడండి. తరవాత ముల్లు ముక్క లోపల మిగిలిందేమో చూపించుకుని ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోండి. నాలుగు రోజుల తరవాత అది సలపడం మొదలైతే, విన్నారు కదా, సలపడం, ఆ మాటే వచ్చి నాతో చెప్పండి.